షెడ్డు కాడ: సెల్ఫ్ కొడితే టిక్కంటాది, అంతే!

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైన జనరేటర్ గొడవే. మనకి ముసురు పట్టిందంటే ఇంతే, మిగతా జిల్లాల వాళ్ళకి వానలు వెనక్కి పట్టినాక మనకి మొదలవుతాయి, కరెంట్ పోతాది, ఆరు నెలల్నించి మూల పడున్న జనరేటర్ కాడికి అర్ధరాత్రి టార్చిలైట్ వేసుకుని పరిగెత్తడం, అది లేవకపోతే నాకు ఫోన్. అన్నీ ఒకే ప్రశ్న మాదిరి ఉంటాయి గానీ సెల్ఫే తిరక్కపోవడం వేరు, సెల్ఫ్ తిరిగినా ఇంజన్ అందుకోకపోవడం వేరు, అందుకుని పది సెకన్లకి ఆగిపోవడం వేరు. మీది ఏదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. సరే, ఉత్తరాల్లోకి పోదాం.

ప్రశ్న: అన్నా, మాది విడవలూరు మండలం, సముద్రం వార. నాలుగు గుంటలు వనామీ రొయ్య వేసుండాం. 62.5 కేవీఏ డీజిల్ జనరేటర్. మొన్న రాత్రి రెండింటికి కరెంట్ పోయింది, కాపలా పిల్లోడు పోయి కీ తిప్పితే టిక్ అని సౌండ్ వస్తా ఉంది తప్ప ఇంజన్ కదల్లా. వరసగా పది సార్లు కొట్టినాడంట, నేను పొయ్యేసరికి టిక్ కూడా లేదు. పక్క గుంటలాయన ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి కేబుల్స్ వేస్తే ఒక్క సెల్ఫ్‌కే లేసింది. మా బ్యాటరీ కొని ఎనిమిది నెలలు కూడా కాలా. మెకానిక్ ఏమో సెల్ఫ్ మోటార్ పోయింది మార్చాల అంటుండాడు. నిజమేనా?
— ఒక రొయ్యల రైతు

జవాబు: అబ్బయ్యా, జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. సెల్ఫ్ మోటార్ పోయుంటే ట్రాక్టర్ బ్యాటరీకి మాత్రం ఎట్టా లేస్తాది, దానికేమన్నా మంత్రం తెలుసా? మోటార్ కొనబాక, కొనేసుంటే బిల్లు పారేయబాక.

ఆ టిక్ ఏందంటే, సెల్ఫ్ మోటార్ వీపు మీద చిన్న డబ్బా మాదిరి సొలినాయిడ్ ఉంటాది, కీ తిప్పగానే అది లోపలికి లాక్కుంటాది, ఆ సౌండ్. దానికి కొంచెం కరెంట్ చాలు, ఓపిక లేని బ్యాటరీ కూడా ఆ మాత్రం చేస్తాది. కానీ ఇంజన్ని తిప్పాలంటే వందల ఆంపియర్లు ఒక్కసారిగా రావాల, ఆడ దొరికిపోతాది. బ్యాటరీలోనే సత్తా లేకపోవచ్చు, లేదా బ్యాటరీ బాగానే ఉండి కరెంట్ దారిలో చిక్కుకోవచ్చు. నీకు రెండూ ఉండాయని నా అనుమానం.

దారి సంగతి ముందు చూడు. పోయినేడు కొత్తపట్నం కాడ ఒకాయన ఇట్టాగే పిలిచినాడు, నేను పొయ్యేటప్పటికే కొత్త సెల్ఫ్ మోటార్ కొని అట్టపెట్టెలో పక్కన పెట్టుకోనుండాడు. ప్లస్ టెర్మినల్ మీద ఎర్ర రబ్బరు టోపీ పైకి లాగితే కింద చిలుము, పచ్చగా తెల్లగా, పాత స్పాంజి ముక్క మాదిరి ఉబ్బిపోయి కేబుల్ కొసనుండే లగ్గుని మొత్తం మింగేసుండాది. బోల్టు బిగువుగానే ఉంది, చేత్తో కదిపితే కదల్లా, అందుకే ఎవురికీ అనుమానం రాలా. ముందు మైనస్ ఊడదీసి, తర్వాత ప్లస్ తీసి, వేడినీళ్ళలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగింది. పాత టూత్ బ్రష్‌తో రుద్ది, సీసం తళతళా కనపడేదాకా ఎమ్రీ పేపర్ కొట్టి, ఈసారి ప్లస్ ముందు, మైనస్ చివర బిగించి పైన వాజలిన్ పూసినా. సెల్ఫ్ కొడితే లేసింది. ఆయన ఆ అట్టపెట్టె వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. ఆ సోడా నీళ్ళు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి దిగకుండా చూసుకోవాల, దిగితే యాసిడ్ చెడిపోతాది. ఇంకోటి, అందరూ ప్లస్ కాడే ఆగిపోతారు, మైనస్ కేబుల్ రెండో కొస ఇంజన్ బాడీకి బిగించి ఉంటాది చూడు, దాని కింద తుప్పు పట్టినా ఇదే టిక్కు, ఇదే బాధ.

ఇంక బ్యాటరీ. మీటర్ పెట్టి చూడు, జనరేటర్ ఆపి కొన్ని గంటలైనాక, చార్జర్ కూడా ఆపేసి చూడాల. 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కిందకి పోతే ఖాళీ కిందే లెక్క. అది సరిపోదు, ఇంకొకరు సెల్ఫ్ కొడతా ఉంటే నువ్వు మీటర్ చూడు, 12.5 ఉన్నది కాస్తా 7కో 8కో దబ్బున పడిపోతే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే, ఊరికే ఉన్నప్పుడు ఎంత చూపించినా నమ్మబాక. మీటర్ లేకపోతే ప్యానెల్ మీద లైటు చూడు, సెల్ఫ్ కొట్టగానే దీపం ఆరినట్టు ఆరిపోతే బ్యాటరీ గానీ టెర్మినల్ గానీ, లైటు ఏం తగ్గకుండా ధీమాగా వెలుగుతా ఉండి ఇంజన్ తిరక్కపోతే అప్పుడు సొలినాయిడ్‌నీ సెల్ఫ్ మోటార్‌నీ అనుమానించు.

ఎనిమిది నెలలకే ఎందుకు పోయింది అంటావా, ఆ జనరేటర్ వారానికి ఎన్ని గంటలు తిరుగుతుందో లెక్క చూసుకో. సెల్ఫ్ కొట్టి తీసిన చార్జింగ్ మళ్ళీ నిండాలంటే ఇంజన్ కాసేపు తిరగాల, అది తిరగదు, ప్యానెల్‌లో కంట్రోలర్ మాత్రం పగలూ రాత్రీ కొంచెం కొంచెం తాగతానే ఉంటాది. అందుకే ప్యానెల్ లోపల బ్యాటరీ చార్జర్ ఒకటి పెట్టుంటారు, మామూలు కరెంట్‌తో పనిచేసేది. దాని ఫ్యూజు పోయినా ఎవురూ చూడరు. కరెంట్ ఉన్నప్పుడు బ్యాటరీ మీద మీటర్ పెడితే 13.5 చుట్టుపక్కల చూపించాల, 12 దగ్గరే కూర్చోనుంటే చార్జర్ చచ్చినట్టే. కొత్త బ్యాటరీ వేసినా ఎనిమిది నెలలకి మళ్ళీ నాకే ఉత్తరం రాస్తావు. ఖాళీగా వదిలేసిన బ్యాటరీ ప్లేట్లకి సల్ఫేట్ గట్టిపడిపోతాది, తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పట్టదు.

మీ కాపలా పిల్లోడికి చెప్పు, సెల్ఫ్ పది సెకన్లు మించి పట్టుకోకూడదు, వదిలి ఒక నిమిషం ఆగాల, మూడు సార్లకి లేవకపోతే ఆపేయాల. పది సార్లు కొడితే ఉన్న బ్యాటరీ పోతాది, బాగున్న సెల్ఫ్ మోటార్ కూడా కాలిపోతాది, అప్పుడు మీ మెకానిక్ మాటే నిజమవుతాది. అసలు టిక్ కూడా రాకపోతే ప్యానెల్ మీద ఎర్రగా పుట్టగొడుగు మాదిరి ఎమర్జెన్సీ బటన్ నొక్కుకుపోయి ఉందేమో ముందు చూడండి. నవ్వబాకండి, నేను కావలి నించి రాత్రి పూట యాభై కిలోమీటర్లు బండి మీద పోయి ఆ బటన్ తిప్పి వదిలి వచ్చినా ఒకసారి, ఎవురో బియ్యం బస్తా దానికి ఆనించి పెట్టుండారు.

లేసినాక గుంటల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ ఒక్కసారి ఆన్ చేయించబాక. మోటార్ లేచేటప్పుడు నడిచే కరెంట్‌కి ఐదారు రెట్లు లాగుతాది, రెండు హెచ్‌పీవి పదిహేను ఒకేసారి వేస్తే జనరేటర్ మూలిగి ఆగుద్ది. ఒకటి వేసి, అది అందుకున్నాక ఇంకోటి. తెల్లారుజామున గుంటలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటాదని నీకు నేను చెప్పక్కర్లా, అది 4 పీపీఎం కిందకి పోయి రొయ్య తేలిందాకా జనరేటర్‌తో కుస్తీ పట్టబాక, చార్జింగ్ ఉన్న రెండో బ్యాటరీ ఒకటీ, మందంగా ఉండే జంపర్ కేబుళ్ళూ షెడ్డులో ఎప్పుడూ ఉండాల. ట్రాక్టర్‌ది 12 వోల్టులు కాబట్టి నీదానికి సరిపోయింది, పెద్ద సెట్లకి 24 ఉంటాది, దానికి ఒక బ్యాటరీ వేస్తే లేవదు.

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఒంగోలు, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పనులు నేనే చూస్తుంటాను. లిఫ్ట్‌కీ బోరుకీ 25 కేవీఏ జనరేటర్ ఉంది, పదేళ్ళ నాటిది. పోయిన వారం నడుస్తా నడుస్తా డీజిల్ అయిపోయి ఆగిపోయింది. వాచ్‌మన్ 20 లీటర్లు తెచ్చి పోశాడు. అప్పట్నించి సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది కానీ స్టార్ట్ కాదు. డీజిల్ ఉంది, బ్యాటరీ ఉంది, ఇంకేం కావాలి దానికి?
— ఒక గృహిణి

జవాబు: అమ్మా, ఎయిర్ పట్టింది దానికి. చేతి పంపు కొన్నాళ్ళు కొట్టకపోతే నీళ్ళు కిందకి దిగిపోయి ఊరికే కటకటలాడతాది, అప్పుడు పైన చెంబుడు నీళ్ళు పోసి కొడితేనే అందుకుంటాది, చిన్నప్పుడు చూసే ఉంటారు గదా, అదే ఇది. ట్యాంకు ఎండిపోయినప్పుడు పైపుల్లోకి, ఫిల్టర్లోకి గాలి దూరింది. మీరు ట్యాంకు నింపినా ఆ గాలి ఆడే ఉంది.

డీజిల్ ఇంజన్‌కి ప్లగ్గూ నిప్పూ ఏం ఉండవు. లోపలికి పోయిన గాలిని పదహారు పదిహేడు రెట్లు నొక్కేస్తాది, ఆ నొక్కుడికి గాలే 500 డిగ్రీలు దాటి కాలిపోతా ఉంటాది, అందులోకి నాజిల్ డీజిల్‌ని మంచు మాదిరి చిమ్మితే దానంతటదే అంటుకుంటాది. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించింది కూడా ఇట్టాంటిదే. ఆ నాజిల్ నోరు తెరవాలంటే సుమారు 200 బార్ ప్రెషర్ కావాల. పైపులో డీజిల్ ఉంటే పంపు నెట్టగానే ఆ ప్రెషర్ వచ్చేస్తాది, గాలి ఉందనుకోండి, నెట్టినప్పుడల్లా అది స్పాంజి మాదిరి అణిగి మళ్ళీ లేస్తాదే గానీ నాజిల్ కదలదు. అందుకే ఎంత తిప్పినా ఫలితం లేదు.

ఎయిర్ తీయడం పెద్ద విద్యేం కాదు, మీ వాచ్‌మన్‌కి ఒకసారి చూపిస్తే వస్తాది. డీజిల్ కాక్ తెరిచి ఉందా చూసి, ఫిల్టర్ నెత్తిన చిన్న స్క్రూ ఉంటాది, పానాతో ఒకటిన్నర చుట్టు వదులు చేసి, కింద గుడ్డ పెట్టి, పక్కనుండే హ్యాండ్ ప్రైమర్ని, అంటే చేత్తో డీజిల్ నెట్టే చిన్న పంపుని, బొటనవేలితో నొక్కతా ఉండాల. మొదట బుస్సుమని గాలి, తర్వాత నురగ నురగగా తెల్లటి డీజిల్, ఆ నురగ పోయి బుడగ లేకుండా ధారగా వచ్చిందాకా నొక్కి, కారతా ఉండగానే స్క్రూ బిగించేయాల, ముందు నొక్కుడు ఆపి తర్వాత బిగిస్తే మళ్ళీ గాలి లాక్కుంటాది, అందరూ ఆడే తప్పు చేస్తారు. తర్వాత పంపు మీద ఉండే స్క్రూ కాడ కూడా ఇట్టాగే. అప్పుడు సెల్ఫ్ కొట్టండి.

కొట్టేటప్పుడు ఇంకొకర్ని సైలెన్సర్ గొట్టం వైపు చూడమనండి. ఒక్క పొగ చుక్క లేకపోతే డీజిల్ లోపలికి చేరడం లేదనే. తెల్లగా పొగ వస్తా అంటుకోకపోతే డీజిల్ పోతా ఉంది, కాలేంత వేడి రావట్లా, బ్యాటరీ డౌన్ అయి ఇంజన్ మెల్లగా తిరిగినా అట్టాగే ఉంటాది. నల్లగా కక్కతా ఉంటే ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, మా వైపు ఒకదాంట్లో పిచ్చుక గూడు దొరికింది, గుడ్లతో సహా.

ఎయిర్ తీసినా లేవకపోతే డీజిల్ ఫిల్టర్ మార్చించండి. ట్యాంకు అడుక్కి పోయినప్పుడు ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి అంతా ఒక్కసారిగా ఫిల్టర్‌లోకి లాగేసుంటాది. వాటర్ సెపరేటర్ ఉంటే కింద కాక్ తిప్పి గాజు సీసాలోకి కొంచెం పట్టి రెండు నిమిషాలు ఆగి చూడండి, నీళ్ళుంటే అడుగున తేటగా వేరే గీత కనపడతాది. ఇంకోటి, స్టాప్ సొలినాయిడ్, కీ వేసినప్పుడు డీజిల్ పంపు కాడ టక్ అనాల, అది అనకపోతే డీజిల్ దారి మూసుకునే ఉన్నట్టు.

ఇదంతా పాత సెట్లకే చెప్తుండా. 2023 జూలై 1 నించి అమలైన సీపీసీబీ ఫోర్ ప్లస్ అనే కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు పొగ రూల్ కింద తయారైన కొత్తవాటిలో చాలావాటికి కంప్యూటర్ కంట్రోల్, కామన్ రైల్ ఉంటాయి, వాటి పైపుల్లో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతాది, నాజిల్ నట్టు వదులు చేస్తే చిమ్మే డీజిల్ చర్మంలోకి సూది మాదిరి దిగిపోతాది. అది కంపెనీ మనిషి పని, మీరు చెయ్యి పెట్టబాకండి.

ప్రశ్న: సార్, కావలిలో కళ్యాణ మండపం చూసుకుంటాను. జనరేటర్ స్టార్ట్ అయి పది పదిహేను సెకన్లకి ఆగిపోతా ఉంది, ప్యానెల్‌లో లో ఆయిల్ ప్రెషర్ అని వస్తుంది. ఎలక్ట్రీషియన్ సెన్సార్ వైర్ పీకేస్తే ఆగదు అన్నాడు. పీకితే నిజంగానే ఆగలేదు! అట్టాగే ఉంచేయచ్చా? ముహూర్తాలు వరసగా ఉన్నాయి.

జవాబు: ఆగలేదు, అదే భయం. చాలా సెట్లలో ఆ స్విచ్ ప్రెషర్ లేనప్పుడు వైరుని ఎర్త్‌కి కలుపుతాది, అందుకని వైరు పీకితే కంట్రోలర్ అంతా బాగుందనుకుంటాది. ఇంట్లో దొంగలు పడితే కుక్క మొరుగుతుందని కుక్క నోరు కట్టేసినట్టుంది. నిజంగా ఆయిల్ ప్రెషర్ లేకపోతే క్రాంక్ షాఫ్ట్ బేరింగులు నిమిషాల్లో పట్టేస్తాయి, తలంబ్రాల టైముకి లైట్లు పోవడం ఒక్కటే కాదు, ఇంజన్ మొత్తం విప్పాల.

ఇయ్యాళే ఆ వైరు మళ్ళీ తగిలించి, జనరేటర్ని మట్టంగా ఉన్న చోట ఆపి పది నిమిషాలైనాక డిప్‌స్టిక్ తుడిచి పెట్టి చూడండి. ఆయిల్ తక్కువుంటే అదే గ్రేడు పోయండి. గీత పైకి పోయి పల్చగా డీజిల్ వాసన కొడతా ఉంటే అది ఇంకో జబ్బు, నడపబాకండి. ఆయిల్ సరిగ్గా ఉంటే సెన్సార్ పీకి ఆ బొక్కలో మామూలు ముల్లు గేజ్ బిగించి నడిపించి చూస్తాడు మెకానిక్, గేజ్‌లో ప్రెషర్ బాగుంటే సెన్సారో వైరో చెడింది, కొద్ది డబ్బుల పని. మండపాల్లో నేను ఎక్కువ చూసింది ఎలకలు వైరు కొరకడం, అన్నం మెతుకులు ఉన్న చోట కేనపీ, అదే జనరేటర్ చుట్టూ ఉండే రేకు పెట్టె, దాని లోపల వెచ్చగా ఉంటాది, వాటికి అంతకన్నా మంచి విడిది యాడ దొరుకుతాది?

ప్రశ్న: బుచ్చిరెడ్డిపాళెంలో మాది టిఫిన్ అంగడి. చిన్న పెట్రోల్ జనరేటర్ ఉంది, తాడు లాగేది. ఎండాకాలంలో వాడింది, మళ్ళీ ఇప్పుడు తీస్తే రెక్కలు పడిపోయేదాకా లాగినా లేవడం లేదు.

జవాబు: తల్లీ, తాడు వదిలేయండి కాసేపు. పెట్రోల్ ఎండాకాలందేనా? అయితే అదే దోషం. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తా ఉంది, అది గాల్లో తేమని పీల్చుకుంటాది, నెలలు నిలవుంటే పెట్రోల్ చెడి కార్బొరేటర్‌లో సన్న బొక్క జిగురు పట్టి మూసుకుపోతాది. ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్ అడుగున గిన్నె మాదిరి ఉంటాది, దాని స్క్రూ వదిలి పాతది వంచేసి, కొత్త పెట్రోల్ పోసి చోక్ లాగి పట్టండి. ఇంజన్ ఆయిల్ కూడా చూడండి, చాలా చిన్న జనరేటర్లలో ఆయిల్ తక్కువుంటే నిప్పు రాకుండా ఆపేసే ఏర్పాటు ఉంటాది, ఆ సంగతి తెలీక ప్లగ్గుల మీద ప్లగ్గులు మారుస్తారు. ప్లగ్గు తీసినప్పుడు తడిగా పెట్రోల్ కారతా ఉంటే చోక్ ఎక్కువైంది, తుడిచి ఆరబెట్టి చోక్ లేకుండా లాగండి. ఇంకా రాకపోతే కార్బొరేటర్ విప్పి కడిగించండి. మళ్ళీ మూలకి పెట్టేటప్పుడు కాక్ కట్టేసి దానంతటది ఆగిందాకా నడిపించి, ట్యాంకులో మిగిలిన పెట్రోల్ వంచేసి పెట్టండి.

మీరు అడగలేదు గానీ చెప్తుండా, వాన పడతా ఉందని దాన్ని అంగట్లో లోపల పెట్టి షట్టర్ సగం దించి నడపబాకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటాది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, తల తిరిగినట్టు అనిపించేసరికి లేచి బయటికి వచ్చే ఓపిక కూడా ఉండదు.

ప్రశ్న: కోవూరు నించి. 2021 నవంబర్‌లో పెన్నా వరద వచ్చినప్పుడు మా రైస్ మిల్లు జనరేటర్ సగం మునిగింది, నీళ్ళు తీసినాక సెల్ఫ్ కొడితే ఠక్ అని ఆగిపోయింది, తర్వాత రిపేరుకి చాలా అయింది. మళ్ళీ వరద వస్తే ఏం చేయాల?

జవాబు: సెల్ఫ్ కొట్టకుండా ఉండాల, అంతే. గాలి నొక్కితే అణుగుతాది, నీళ్ళు అణగవు, సిలిండర్లో నీళ్ళుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతాది, మీకు అయ్యింది అదే అయ్యుండాల. ముందు బ్యాటరీ ఊడదీసి, నాజిళ్ళు తీయించి చేత్తో ఇంజన్ తిప్పిస్తే లోపలి నీళ్ళు పైకి చిమ్ముతాయి. ఆయిలు, ఫిల్టర్లు, డీజిల్ మొత్తం మార్చాల. కరెంట్ పుట్టించే ఆల్టర్నేటర్ని ఆరబెట్టి, మెగ్గర్ అనే మీటర్ పెట్టి ఇన్సులేషన్ చూసినాకే లోడ్ ఇవ్వాల. దిమ్మె ఎత్తు ఎంత కట్టాలంటే, మీ గోడ మీద 2021 నీటి మరక ఇంకా ఉంటాది గదా, దానికి పైన రెండడుగులు.

ప్రశ్న: పొదలకూరు. నిమ్మతోటలో ఇల్లు. లైను కరెంటో జనరేటరో ఏదో ఒక్కదాన్నే ఇంటికి కలిపే చేంజ్ ఓవర్ స్విచ్ లేదు. రెండు వైపులా ప్లగ్ ఉన్న వైరుతో జనరేటర్ని ఇంట్లో సాకెట్‌కి పెడుతున్నాం, మెయిన్ కట్టేస్తాం లెండి. పర్వాలేదు కదా?

జవాబు: ఒక్కరోజు మెయిన్ కట్టేయడం మర్చిపోతే చాలు. మీ కరెంట్ వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌కి పోతాది, ఇళ్ళకి వచ్చేటప్పుడు దించే ట్రాన్స్‌ఫార్మరే వెనక నించి ఇస్తే పెంచుతాది, ఆ పక్కన 11 వేల వోల్టుల లైను, దాని మీద సప్లై లేదనుకుని స్తంభం ఎక్కి ఉంటాడు లైన్‌మన్. ఆ వైరు ఇయ్యాళే కోసి పారేసి చేంజ్ ఓవర్ పెట్టించండి.

ఆత్మకూరు నించి ఒకాయన పోస్టుకార్డు మీద ఒక్క లైను రాసుండాడు, జనరేటర్ స్టార్ట్ కావట్లా ఏం చేయాల అని. సామీ, సెల్ఫ్ తిరుగుతా ఉందా లేదా, తిరిగితే పొగ ఏ రంగు, ప్యానెల్‌లో ఏం రాసొస్తా ఉంది, చివర ఎప్పుడు నడిపినారు, ఈ నాలుగూ రాసి ఇంకో కార్డు వేయండి, వచ్చే నెల చూస్తా.